శనగపప్పు బద్దంత మా ఇల్లు

ఒట్టు పెట్టమంటే పెడతాను. కానీ మాటకు ముందే ఒట్టు పెట్టేవాణ్ణి నేనే నమ్మను. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతాను. నవ్వాలనిపిస్తే చివర్లో నవ్వండి.

ఎనభైల మొదట్లో, యలహంక దగ్గర పైలట్లకు శిక్షణ ఇచ్చే చోట పనిచేసేవాణ్ణి. అక్కడొక ఫ్లైట్ సిమ్యులేటర్ ఉండేది. హాల్లో గోడంత బోర్డు. దాని మీద బెంగళూరునంతా అట్టముక్కలతో చేసి అంటించాం. బోర్డు ముందు పట్టాల మీద కెమెరా కదులుతుంది. పక్కగదిలో ఉత్తుత్తి కాక్‌పిట్. అందులో కూర్చుంటే ఎదురుగా తెర మీద, మన కిందుగా ఊరు పోతున్నట్టే ఉంటుంది.

ఆ బోర్డు చేసిన నలుగురం ఒక దొంగపని చేశాం. ఎవరి ఇల్లు వాళ్లు పెట్టుకున్నాం. నాది కబ్బన్‌పేటలో, నేతగాళ్ల సందులో. శనగపప్పు బద్దంత. దాని మిద్దె మీద, అమ్మ ఆరేసే ఎర్ర పట్టునూలులోంచి ఒక పోగు కూడా అంటించాను.

ఆ వారం నా ప్రాణం తోడేశారు. ఎవరో పెద్దమనుషులు వస్తారట. వాళ్లను ఆ సిమ్యులేటర్‌లోనే, బోర్డు మీది బుల్లి బల్బులు వెలిగించి, ఊరి మీద రాత్రి విహారం తిప్పాలట. రోజూ చీకటి పడ్డాక రిహార్సల్. "అదిగో లాల్‌బాగ్, ఇదిగో అలసూరు చెరువు" అని నోరు నొప్పి పుట్టేలా చెప్పాలి. అది సరిగ్గా జరిగితే నా ఉద్యోగం పర్మనెంట్. ఆరేళ్లుగా దానికోసమే పడి ఉన్నాను.

మొదటిరోజే సూపర్‌వైజర్ రాజప్ప అరిచాడు.

"ఏమప్పా, కబ్బన్‌పేటలో ఆ దీపమేంది? ఆడ మనం బల్బే పెట్టలేదు గదా!"

చూశాను. నిజమే... తెర మీద, మా మిద్దె మీద. పసుప్పచ్చగా. సన్నగా.

హాల్లోకి పరుగెత్తాను. బోర్డు మీద ఏమీ లేదు. కెమెరా అద్దం తుడిచాను. వైర్లు విప్పి బిగించాను. తిరిగి వచ్చి చూస్తే... ఉంది. మర్నాడూ అంతే. మూడోరోజూ అంతే. ఏడుపొచ్చింది నాకు. ఆరేళ్ల చాకిరీ, ఒక్క చుక్క వెలుతురుకు పోతుందా?

"రేపు వాళ్లొస్తారు. ఈ పొద్దు అది పోకుంటే నువ్వు పోతావు, అంతే" అన్నాడు రాజప్ప.

ఏడున్నరైంది. ఇంకోసారి తిప్పాం. ఈసారి కెమెరాను బాగా కిందికి దించాను. మోటారు గుర్రుమంటోంది... సందు దగ్గరైంది... మిద్దె... దీపం.

అది కదిలింది.

మెల్లగా పైకి లేచింది. ఇటు ఊగింది... అటు ఊగింది... ఎవరో చేత్తో పట్టుకుని, వద్దు వద్దు అంటున్నట్టు. రాజప్ప వైపు చూశాను. ఆయన కళ్లు కూడా ఆ దీపం మీదే ఉన్నాయి.

నాకు భయం కంటే కోపమే ముందొచ్చింది. హాల్లోకి పోయి, చిన్న పట్టకారుతో మా ఇంటిని పీకేశాను. టక్... అంతే చప్పుడు. తిరిగి వచ్చి చూస్తే, తెర మీద దీపం లేదు.

బస్సెక్కాక వచ్చింది భయం. పీకింది ఏమిటో అప్పుడు తట్టింది. దిగి సందులో పరుగెత్తాను. ఇల్లు ఉంది. అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన పగిలిన లాంతరు.

"మూడు దినాలుగా చూస్తా ఉండానప్పా" అంది. "నూలు తీసేదానికి మిద్దెక్కితే, ఒక విమానం... శబ్దమే లేదు. మన మిద్దె మీదే తిరుగుతా ఉండాది. నిన్న చెప్పబోతే కసురుకుంటివి. ఈ పొద్దు మరీ కిందికొచ్చె. తగులుతాదని లాంతరు ఊపితిని. అంతలో టక్‌మనె... మిద్దంతా కదిలిపాయె."

నా చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. జేబులో మా ఇల్లు.

విహారం బాగా జరిగింది. ఉద్యోగం పర్మనెంట్ అయింది. తర్వాత రాజప్పను అడిగితే "ఏ దీపమప్పా?" అన్నాడు. నిజంగా మరిచాడో, భయపడ్డాడో. అమ్మ చూసింది నిజం విమానమేనేమో. నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ముక్కను దూదిలో చుట్టి రేకుపెట్టెలో దాచాను. మొన్నటి వానలకు మిద్దె కురుస్తోందని మేస్త్రీని పిలిచాం. ఆయన పైకెక్కేలోపు, నేను లోపలి గదిలోకి పోయి పెట్టె తెరిచాను.

ఆ గది కురవదు. దూది మాత్రం తడిసి ఉంది.