ఫోను కింద నిమ్మకాయ

సాలూరులో లారీల గురించి మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. తోలడం వచ్చినవాళ్లు మాత్రం కొందరే. కూర్మయ్య ఆ కొందరిలో ఒకడు. బియ్యం బస్తాలతో ఒడిశా ఘాట్ రోడ్డు దిగి వచ్చాక కూడా అతని బండి బ్రేకు డ్రమ్ముల మీద చెయ్యి వెయ్యొచ్చు, అంత చల్లగా ఉండేవి. పాతికేళ్లుగా ఈ సంగతి లారీ షావుకారు ఉపేంద్రకు తెలియలేదు. డ్రమ్ములు ఎప్పుడైనా కాలి ఉంటే వెంటనే తెలిసేది.

కూర్మయ్య కాలు విరిగి ఇంట్లో పడి ఉన్నప్పుడు అల్లుడు దాలయ్య తన పాత ఫోను ఇచ్చి, అందులో లారీ ఆట చూపించాడు. ఇన్నేళ్లు లారీ తోలి అలిసిన మనిషి విశ్రాంతిగా ఏం చేశాడంటే, లారీ తోలాడు. అక్కడా ఘాటే, అక్కడా వానే. కాకపోతే సరుకు దింపగానే చప్పట్లు మోగి, తెర నిండా బంగారు నక్షత్రాలు రాలేవి.

ఆట కదా అని అతను అడ్డదిడ్డంగా తోలలేదు. మలుపు మలుపుకీ హారన్ కొట్టేవాడు. దిగుడులో బ్రేకు తొక్కకుండా గేరు మీద దించేవాడు. చక్రం కింద నిమ్మకాయ తొక్కించకుండా బండి కదపడం అలవాటు లేదు కనక, ప్రతి ట్రిప్పుకీ ముందు ఫోను కింద ఒక కాయ పెట్టి నలిపి, గుమ్మం బయట పడేసేవాడు.

"మావా, సారులో పిండుకోడానికి ఒక కాయైనా ఉంచుతావా నేదా?" అని అడిగేది భార్య దేముడమ్మ.

"లోడుతో ఉన్నానే. మాటాడించకు."

కాలు నయమైంది. షావుకారు పిలిస్తే వెళ్దామని కూర్మయ్య, వస్తాడులే అని షావుకారు, ఎవరి మర్యాదలో వాళ్లు కూర్చున్నారు. చివరికి రాయపూర్ లోడు తగలడంతో ఉపేంద్రే తాళాలు పట్టుకుని వచ్చాడు. గుమ్మం ముందు నలిగిన నిమ్మకాయలు గుట్టగా కనిపించాయి. ఇక అడగాల్సిందేముంది?

"ఎవరి బండి ఎక్కేడు దేముడమ్మా, మీ ఆయన? నాకో మాట సెప్పొద్దా? తాళాలు ఆ డ్రైవరు రాంబాబుకి ఇచ్చేస్తాను."

"ఆగండి బాబూ, ఇచ్చీకండి. లోపల ఘాటు దిగుతన్నాడు."

లోపల కూర్మయ్య మంచం మీద కూర్చుని, రెండు చేతులా ఫోను పట్టుకుని, ఒళ్లంతా ఎడమకు వంచాడు.

"ఏటిది కూర్మయ్యా?"

"ఉండండి షావుకారు గారూ, మలుపుంది."

మలుపు అయింది. సరుకు దిగింది. చప్పట్లు మోగాయి.

"ఈ ఓనరు ఏటిస్తాడు నీకు?"

"ఏటీ ఇవ్వడండి. బాగా తెచ్చేవంటాడు."

ఉపేంద్ర వ్యాపారస్తుడు. పైసా ఖర్చు లేని సరుకును ఇన్నాళ్లూ కొట్లో పెట్టుకోలేదని అతనికి అక్కడికక్కడే బోధపడింది. "బాగా తెస్తే నేనూ అంటాను, పద" అని తాళాలు మంచం మీద పెట్టాడు.

రాయపూర్ నుంచి బండి తిరిగి రాగానే షావుకారు కొట్లోంచి బయటికొచ్చాడు. వానలో వచ్చినా టార్పాలిన్ తాళ్లు వదులు కాలేదు. మొదటిసారి వంగి డ్రమ్ము మీద చెయ్యి వేశాడు. చెయ్యి కాలలేదు. గొంతు సవరించుకున్నాడు.

"బాగా తెచ్చేవు, కూర్మయ్యా."

పాతికేళ్లలో షావుకారు నోట వినని మాటకు కూర్మయ్య మొహం పాలిపోయింది. ఫోనులోనైతే ఈ మాట తరవాత నక్షత్రాలు రాలతాయి. ఇక్కడ ఏం రాలుతుందో అతనికి తెలియదు.

"ఏటి షావుకారు గారూ, బండి అమ్మేస్తన్నారా?"