కిరసనాయిలు ఖాసిం

ఇన్నేళ్ళుగా ఒక పేరు నా గుండె మీద బండలా కూర్చుంది. పేరు నాది కాదు. పెట్టింది మాత్రం నేనే. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పనిది మీకు చెబుతున్నాను. మధ్యలో గొప్పలు పోతాను, ఓర్చుకోండి. ఇందులో నాకో గెలుపు ఉంది. అది ఇప్పటికీ తియ్యగానే ఉంది, అదే నా బాధ.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పెట్రోలు చీటీల మీద కొలిచి పోసేవాళ్ళు. మేడ్చల్ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో నేను మోటార్లు బాగుచేసేవాణ్ణి. శామీర్‌పేట దొర పాత కారు నెలకోసారి దగ్గుకుంటూ, పొగ కక్కుకుంటూ నా దగ్గరికి వచ్చేది. ఇంజను మూత విప్పితే లోపలంతా నల్లటి మసి. గీకేవాణ్ణి. నెల తిరిగేసరికి మళ్ళీ అంతే. మూడోసారి దొర నన్ను అదోలా చూశాడు. పని రానివాణ్ణని అనుకుంటాడేమోనన్న భయంతో నోటికొచ్చింది అనేశాను: డ్రైవరు ఖాసిం పెట్రోలు అమ్ముకుని కిరసనాయిలు కలుపుతున్నాడని. చూశానా? లేదు. అప్పట్లో కొందరు అలా చేసేవాళ్ళు, అంతే. ఖాసింను ఆ పూటే మాన్పించారు.

రెండు రోజులకు అతని భార్య జైనబీ షెడ్డుకు వచ్చింది. నాలుగిళ్ళలో అంట్లు తోమే మనిషి. నేను గీకి తట్టలో పోసిన మసిని చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపింది.

"ఉస్తాద్, గిది కిరసనాయిలు మసి గాదు. దీపం మసి పొడిపొడిగ రాలుతది. గిది జిడ్డున్నది, అప్పాలు గాల్చిన మూకుడు లెక్క. నూనె యాడికెల్లో పైకొస్తాంది."

"మూకుడు మసి యేరు, ఇంజను మసి యేరు. ఇంటికి పో."

"నువ్వే సూడు. సూసినంక దొరకు జెప్పు. మా ఆయన దొంగ గాదు."

ఆమె రోడ్డు దాటిందో లేదో, నేనూ నలిపి చూశాను. చేతికి జిడ్డు. పిస్టన్లు బయటికి లాగితే వాటి చుట్టూ ఉండే రింగులు అరిగిపోయి ఉన్నాయి. కింది నూనె వాటి సందుల్లోంచి పైకి ఎగబాకి మాడుతోంది. సికింద్రాబాదులో పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించి రింగులు తెచ్చాను. ఆకురాయితో రాసి, సరిపోయేదాకా కూర్చాను.

ఆ కారు శామీర్‌పేట చెరువు కట్ట ఎక్కడం మీరు చూసి ఉండాల్సింది. వెనక పొగన్నది లేదు. జనం నిలబడి చూశారు. దొర అందరి ముందూ నా భుజం తట్టాడు. ఏడాది గడిచినా మసి పట్టలేదు. గుండ్లపోచంపల్లి నుంచి కూడా బండ్లు నా షెడ్డు వెతుక్కుంటూ వచ్చాయి.

రింగులు ఎందుకు అరిగాయని దొర అడిగాడు. కిరసనాయిలు వల్లనేనని చెప్పాను. ఎందుకలా చెప్పాను? పాతబడి అరిగాయంటే మూడుసార్లు గుడ్డిగా గీకానని ఒప్పుకోవాలి, అంట్లు తోమే ఆవిడ నాకు దారి చూపిందని నలుగురిలో చెప్పాలి. ఆ ఒక్క మాట నా నోట రాలేదు. నా మాట పట్టుకుని ఊరు అతనికి కిరసనాయిలు ఖాసిం అని పేరు పెట్టుకుంది. మళ్ళీ ఎవరూ అతని చేతికి కారు ఇవ్వలేదు. ఎడ్లబండి తోలుకుని బతికాడు. కారు పొగ మానిందని జైనబీకి తెలియకుండా ఉంటుందా? షెడ్డు ముందు నుంచి పోతూ నా వైపు చూసేది. నేను తల వంచి పానా వెతుక్కునేవాణ్ణి.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. క్షమించమని అడిగే వీలు కూడా పోగొట్టుకున్నాను. అయినా కట్ట ఎక్కిన ఆ రోజు కన్నా గర్వంగా ఈ పూట రాస్తున్నాను. ఆ ఇంజను జబ్బు కనిపెట్టింది జైనబీ. ఖాసిం పెట్రోల్లో చుక్క కిరసనాయిలు కలపలేదు.