వెనక్కి వచ్చిన గాజు జాడీ

ఈ ఉదయం నుంచి మా ధర్మపురి ఇంట్లో కోకో వాసన కమ్ముకుని ఉంది. రేపటి తన నిశ్చితార్థానికి మనవరాలు దివ్య తానే బిస్కెట్లు కాలుస్తోంది. అబ్బాయి ఇంటివాళ్ళకిచ్చే తట్టల్లో ఒకటి వీటికేనట. పొడి చక్కెర పళ్ళెం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ వాసన నన్ను పాపారపట్టికి, 1960లో, దీపావళి వచ్చే అరవ నెల ఐప్పసి వానల్లోకి తీసుకుపోయింది. అప్పుడు నాకు తొమ్మిది నిండి పది నడుస్తోంది.

పాపారపట్టిలో మా తాతకు సరుకుల అంగడి ఉండేది. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యన ఒక తలుపు. ఆ తలుపుకు ఇవతలే ఉండేది మా మేనత్త రంగమ్మ. బెంగళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, ఒక రొట్టెల అంగడి పక్క వాటాలో మూడేళ్ళు కాపురం చేసి, భర్త పోగా ఇరవై రెండో ఏట పుట్టింటికి తిరిగి వచ్చింది. వస్తూ తెచ్చుకున్నది ఒక ట్రంకుపెట్టె, చేతిలో ఈ బిస్కెట్ల విద్య. నాలుగు వంతుల మైదాకు ఒక వంతు కోకో, రెండు వంతుల చక్కెర, వెన్న. మా ఇంట్లో గుడ్డు గడప దాటకూడదు కనుక దాని బదులు గట్టి పెరుగు. ఇనప మూకుట్లో ఇసుక పోసి, అందులో పళ్ళెం దించి, మూత మీద నిప్పులు పరిచి కాల్చేది. బయట వాన, చూరు కింద మా వామనగుంటల ఆట, అంగడి చింతపండు పులుపు వాసన మధ్య నుంచి ఈ కొత్త వాసన వచ్చేసరికి ఆట ఆగిపోయేది. రోట్లో దంచిన చక్కెరను పాత పంచె గుడ్డలో జల్లించడం మా పని. ముక్కులు, కనుబొమలు తెల్లబడి ఒకరినొకరు చూసి నవ్వుకునేవాళ్ళం. కాలిన బిస్కెట్లను వేడి మీద చక్కెరలో పొర్లించనిచ్చేది కాదు.

"ఆరనీండే. తొందరపడితే చక్కెర చెమరుస్తుంది, మీ మూతుల మాదిరే."

అంగడిలో తన బిస్కెట్లకు ఒక జాడీ ఉండాలని ఆమె కోరిక. దీపావళి ముందు తాతను అడిగింది.

"పెట్టుకో. ఎవురు చేసినారని అడిగితే మాత్రం నేను బొంకను," అన్నాడాయన.

వారం దాకా ఎవరూ అడగలేదు. జాడీ రెండుసార్లు ఖాళీ అయింది. అత్త తలుపు వెనక నిలబడి మూత తీసిన చప్పుడు వినేది. ఆ రోజుల్లో ఆమె వంటింట్లో పాడుకోవడం విన్నాను. ముందూ వినలేదు, తరువాతా వినలేదు.

సోగత్తూరు నుంచి మావాళ్ళలోనే ఒక పెద్దమనిషి వచ్చి, కొడుకు నిశ్చితార్థానికని జాడీ మొత్తం పట్టుకుపోయాడు. నాలుగో నాడు ఆయనే జాడీని నిండుగా తిరిగి తెచ్చాడు.

"చేసింది మీ రంగమ్మ అని ముందే చెప్పుంటే తీసుకుపొయ్యేవాణ్ణి కాను శెట్టిగారూ. శుభకార్యం గదా," అన్నాడాయన, కోపం లేకుండానే.

తాత తల వంచుకున్నాడు. అత్త జాడీ లోపలికి తెచ్చి, ఒక బిస్కెట్టు తీసి వెలుతురుకు పెట్టి చూసింది.

"చూడు పాపా, ఒక్కటి కూడా చెమర్చలేదు. బాగా ఆరనిచ్చినాను."

అన్నీ మా పిల్లల ముందు పోసింది. తిన్నాం. చాలా రుచిగా ఉన్నాయి. అది కూడా రాయాలి. ఆ ఇసుక మూకుడు మళ్ళీ పొయ్యి ఎక్కలేదు. 1991లో పోయేదాకా ఆమె చింతపండులో గింజలు తీస్తూ బతికింది.

దివ్య వేడి బిస్కెట్టును చక్కెరలో వేస్తుంటే చూస్తూ ఉండలేకపోయాను.

"ఆరనీ తల్లీ," అంటూ ఒకటి చేతిలోకి తీసుకున్నాను.

కోడలు చటుక్కున వచ్చింది. "అత్తా, మీరు కూర్చోండి. ఇవి తట్టలోకి పొయ్యేవి."

మా ఆయన పోయి ఐదేళ్ళు.

"అవ్వ తాకితే ఏమవుతుందిమా?" అంది దివ్య.

"నాకేం పట్టింపు లేదు. రేపు ఆ అబ్బాయి అమ్మ అడిగితే నువ్వు చెప్తావా?" అంది కోడలు.

దివ్య పళ్ళేన్ని కొంచెం తన వైపుకు జరుపుకుంది.

అంగడి లేదు. రోలు, మూకుడు, ఆ గాజు జాడీ ఎవరి పాలయ్యాయో తెలియదు. నాతో చక్కెర జల్లించిన వాళ్ళలో ఎవరూ మిగల్లేదు. రంగమ్మ అన్న పేరు నేను చెబితే తప్ప ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు.

నేను తాకిన ఆ ఒక్కదాన్ని కోడలు చిన్న పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. "ఇది మీరు తినేయండత్తా."

తిన్నాను. చక్కెర అప్పుడే చెమర్చి వేళ్ళకు అంటుకుంది.