నా తల మీద నాన్న పెట్టిన ఒట్టు

జనవరి ఒకటిన అల్వాల్‌లో మా ఇంట్లో అందరం కలిశాం. ఈమధ్యే షుగర్ బయటపడ్డ మా తమ్ముడు తన కూతురి తల మీద చెయ్యి పెట్టి, "రేపటి సంది స్వీట్లు బంద్, నడక షురూ. నీ మీద ఒట్టు బిడ్డా" అన్నాడు. నేను గబుక్కున ఆ చెయ్యి లాగేశాను. "ఏందక్కా, గింత పరేషానైతవ్!" అని వాడు నవ్వాడు. అప్పటినుంచి పూజలో కూర్చున్నా మనసు నిలవడం లేదు.

మన ఈడు వాళ్ళకు గుర్తుందా, ఒట్టంటే ఎంత భయమో? నాకప్పుడు ఎనిమిదేళ్ళు. తిరుమలగిరిలోని మా రేకుల ఇంటికి ఇలాగే కొత్త సంవత్సరం రోజున చుట్టాలంతా వచ్చారు. బేకరీ కేకు కోస్తుండగా నాన్న నా తల మీద చెయ్యి పెట్టి, బీడీలు మానేస్తానని ఒట్టు పెట్టాడు. "తప్పితే పిల్లకే తగుల్తది, జెర చూస్కో" అంది మేనత్త.

మూడో రోజే నీళ్ళ గోలెం వెనక నాన్న బీడీ తాగుతూ కనిపించాడు. ఇక నేను చచ్చిపోతాననుకున్నాను. ఏడుస్తూ వెళ్ళి, "నాయినా, ఒట్టు తీసి గట్టు మీద పెట్టు" అన్నాను. ఆయన నవ్వి, నా తల మీంచి ఏదో తీసి గోడ మీద పెట్టినట్టు చేశాడు.

"అయిపాయె. ఇగ నీకేం గాదు, పోయి ఆడుకో" అని, ఆరిపోయిన బీడీ మళ్ళీ వెలిగించుకున్నాడు.

నేను సంతోషంగా పరుగెత్తాను. నాన్న తర్వాత ఎన్నో ఏళ్ళు దగ్గి దగ్గి, ఆ దగ్గుతోనే పోయాడు. మానెయ్ నాయినా అని నేను ఒక్కసారీ అనలేదు. మళ్ళీ నా మీదే ఒట్టు పెడతాడని భయం.