మా తాళంకప్ప మరిది

మా మరిదికి ఉన్నది ఒకటే జబ్బు. కంటికి కనిపించిన ప్రతిదానికీ తాళం వేస్తాడు, నోటితో సహా. వీధివాళ్లు అతనికి తాళంకప్ప అని పేరు పెట్టి చాలాకాలమైంది. ఆ పేరుతో పిలిచినా పలుకుతాడు గానీ, ఎందుకు పిలిచారో చెప్పేదాకా తలుపు మాత్రం తియ్యడు.

ఈ నోరులేని మనిషి ఒక పోట్లాట గెలవగా నా కళ్లతో చూశాను. ముందు అది చెప్పాలి. చెప్పకపోతే మిగతాది మీరు నమ్మరు.

అతను చెవి పరీక్షలు చేసే క్లినిక్‌లో పనిచేస్తాడు. మనిషిని అద్దాలగదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, సన్నగా కూత పెడతాడు. వినపడినప్పుడల్లా బొత్తం నొక్కాలి. ఎవరికి ఎంత వినపడిందో గీతలు గీసి చార్టు వస్తుంది. డాక్టరుగారికి వంతెనకు ఇవతల ఒక క్లినిక్, అవతల ఒక క్లినిక్. చార్టులన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బస్సులో అటూ ఇటూ మోసేది మా మరిదే. అది అందరి దగ్గరా ఉండే రకం కాదు. దాని వీపు మీద చీమ తలకాయలంత అంకెల బొత్తాలుంటాయి. సరైన అంకెలు నొక్కితే పచ్చ లైటు, తప్పు నొక్కితే ఎర్ర లైటు. పచ్చ వెలగనిదే దాన్ని ఏ కంప్యూటర్‌కు పెట్టినా బండరాయే. ఆ బండరాయిని తాడుకు కట్టి మెడలో వేసుకుని, చొక్కా లోపలికి తోసి, పైబొత్తం కూడా పెట్టుకుంటాడు.

నేను అన్నం క్యారేజీ ఇద్దామని వెళ్లిన రోజు పాటల బడి యజమాని అక్కడ ఎగిరిపడుతున్నాడు.

"మా పాటల పంతులమ్మ ఇక్కడికొచ్చిందట. చెవులు పోయాయా ఏమిటి?"

"ఎవరొచ్చారో నాకు తెలియదండీ," అన్నాడు మా మరిది.

"నిన్న తలుపు తీసింది నువ్వే కదయ్యా!"

"తలుపు తీశానండీ. ఎవరికి తీశానో గుర్తులేదు."

"వినపడని మనిషి చేత నా పిల్లలకు పాట నేర్పించమంటావా? ఆ కాగితమేదో చూపించు. మీ డాక్టరూ నేనూ ఒకే బల్ల మీద చదువుకున్నాం!"

"ఆ బల్ల నేను చూడలేదండీ."

నాకు నవ్వాగలేదు. ఆయన మొహం కందగడ్డ చేసుకుని, "అయితే ఆ మెడలోది ఇటియ్యి, నేనే చూసుకుంటా," అని చెయ్యి చాచాడు. మా మరిది నెమ్మదిగా పైబొత్తం విప్పాడు. దాన్ని బయటికి తీసి, ఆయన ఎదురుగానే టకటకా తప్పుడు అంకెలు నొక్కుతూ పోయాడు. ఎర్ర లైటు, మళ్లీ ఎర్ర లైటు, మళ్లీ మళ్లీ. తర్వాత దాన్ని ఆయన అరచేతిలో పెట్టాడు.

"తీసుకోండి. వరసగా పది తప్పులైతే లోపలున్నదంతా దానంతటదే తుడిచిపెట్టుకుపోతుంది. తొమ్మిది నేను పూర్తిచేశాను. పదోది మీ చేతి చలవ. వంతెనకు అటూ ఇటూ ఉన్నవాళ్ల చెవులన్నీ ఇందులోనే ఉన్నాయి. మీవాళ్లెవరైనా ఉన్నారో లేదో నేను చెప్పను."

ఆ పెద్దమనిషి అరచేతిలో నిప్పు పెట్టినట్టు ఉలిక్కిపడి, దాన్ని బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు. వెళ్లాక మా మరిది గోడవైపు తిరిగి, తలమీద తువ్వాలు కప్పుకుని, సరైన అంకెలు నొక్కాడు. పచ్చ లైటు వెలిగింది. అప్పుడు కుర్చీలో కూలబడ్డాడు. చొక్కా పిండితే బిందె నిండేది.

"నిజంగా తొమ్మిదీ నొక్కావుటయ్యా?" అన్నాను.

"ఆయన లెక్కపెట్టుకుంటాడేమోనని భయమేసింది వదినా," అన్నాడు.

అదీ మనిషి. ఇక ఇంట్లో అతని ప్రతాపం వినండి. మేం ఒకే ఇంట్లో రెండు వాటాల్లో ఉంటాం. స్కూటర్‌కు మూడు తాళాలు. ఆ స్కూటర్ తోసినా కదలదు, ఎత్తుకుపోయినవాడే మరమ్మతు చేయించుకోవాలి. పంచదార డబ్బాకు తాళం. ఎవరైనా ఇంటికొస్తే టీ మరిగి చల్లారేదాకా తాళంచెవి వెతకడమే. తాళంచెవులన్నీ ఒక పెట్టెలో, ఆ పెట్టె తాళంచెవి ఎక్కడుందో అతనికొక్కడికే తెలుసు. ఒకసారి అతనికీ తెలియలేదు. ఆ వారమంతా మా తోడికోడలు నా వాటాలోనే వండింది.

ఇంకో వింత ఉంది. లోకంలో అందరితోనూ గుసగుసలాడే మనిషి నాతో మాత్రం దండోరా వేసినట్టు మాట్లాడతాడు. "ఏమయ్యా, అందరి దగ్గరా గొంతుకు తాళం, నా దగ్గర మాత్రం గేట్లు ఎత్తేస్తావేం?" అని ఎన్నిసార్లు దులిపానో. ఉలకడు, పలకడు. పైగా ఎక్కడ కూర్చున్నా నా కుడిపక్కకే చేరతాడు. పెళ్లిపందిట్లో ముగ్గురిని లేపి మరీ నా కుడిపక్కకు వచ్చాడు. చాదస్తానికి మందుందా?

మా తోడికోడలికి ఆ పెన్‌డ్రైవ్ మీద పీకలదాకా అనుమానం. "దాంట్లో ఎవత్తిదో ఫొటో ఉందక్కా. లేకపోతే స్నానానికి కూడా గుడ్డ సంచిలో పెట్టి తీసుకుపోతాడా?" అని రోజూ నా ప్రాణం తీసేది. ఒకరోజు పాపం అతను ఒళ్లు తెలియని జ్వరంతో పడుకుంటే, ఇద్దరం కలిసి ఆ తాడు లాగాం. నేను చదివింది రెండో తరగతే అయినా అంకెల దగ్గర నాకు ఎవరూ సాటిరారు. ఆవిడ చెప్పింది, నేను నొక్కాను. పుట్టినరోజు, ఎర్ర లైటు. పెళ్లిరోజు, ఎర్ర లైటు. ఇంతలో మంచం మీంచి గొంతు వినపడింది.

"పెళ్లిరోజేనా నొక్కింది?"

మా ఇద్దరికీ ప్రాణాలు పోయాయి. ఆవిడ తేరుకుని, "మన పెళ్లిరోజు పెట్టుకోవడానికి కూడా మీకు మనసు రాలేదా?" అని ఎదురు తిరిగింది.

"అది ఊరందరికీ తెలుసే. మీ అన్నయ్య పందిట్లో చేసిన గొడవకి పక్క ఊరివాళ్లకీ తెలుసు," అని అటు తిరిగి పడుకున్నాడు.

డాక్టరుగారికీ తప్పలేదు. ఆయనకు ఒకప్పుడు అంకెలు చెప్పాడట. ఆయన మర్చిపోతానని చీటీ మీద రాసి కంప్యూటర్ నుదుటన అంటించాడు. మా మరిది ఆ సాయంత్రమే అంకెలు మార్చేశాడు. "తాళంచెవిని గుమ్మానికి తోరణం కడితే దాన్ని తాళమంటారా సార్?" అని అడిగాడట. ఆయన మంచివాడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు.

ఒకనాడు ఆ పెన్‌డ్రైవ్ కాస్తా బస్సులో పోయింది. తాడు తెగిపోయిందట. ఇంటిల్లిపాదీ నెత్తి బాదుకున్నాం. పంచదార డబ్బా మూత వదులైతే నిద్రపోని మనిషి, ఆ రోజు గుర్రు పెట్టి నిద్రపోయాడు.

"కొంప మునిగిందని మేమేడుస్తుంటే నీకు నిద్రెలా పట్టిందయ్యా?"

"పోయింది ప్లాస్టిక్ ముక్క వదినా. గుట్టు పోలేదు. దాని జంట క్లినిక్ ఇనుప బీరువాలో ఉంది. దానికీ అవే అంకెలు."

నిజంగానే మర్నాడు బస్సు కండక్టర్ తెచ్చి ఇచ్చాడు. "పాటలేమైనా ఉంటాయేమోనని చూశానండీ. ఎర్ర లైటు తప్ప ఏమీ లేదు. పాడైపోయినట్టుంది, పారేయమంటారా?" అన్నాడు. మా మరిది ఆ కండక్టర్‌కు టీ ఇచ్చి, పంచదార రెండుసార్లు వేయించాడు. మా ఇంట్లో అది పట్టాభిషేకంతో సమానం.

ఇలా ఉండగా అతనికి కంట్లో శుక్లం ముదిరి ఆపరేషన్ చేశారు. ఆ కంటికి కట్టు. రెండోకన్ను ముందే మసక. గడప దాటకూడదని, దుమ్ములోకి వెళ్లకూడదని గట్టిగా చెప్పారు. సరిగ్గా అప్పుడే పాటల పంతులమ్మ మా ఇంటికొచ్చింది. సన్నటి మనిషి, చీర కుచ్చిళ్లు కూడా చెదరని మనిషి, ఆ రోజు చెప్పులు వాకిట్లో విప్పడం మరిచిపోయి లోపలికొచ్చేసింది.

"యంత్రం వచ్చిందండీ, చెవికి పెట్టుకునేది. పాత చార్టులు పక్కన పెట్టుకుని చూస్తే గానీ దాన్ని నాకు తగ్గట్టు సరిచెయ్యలేనంటున్నారు డాక్టరుగారు. రేపు మా యజమాని అందరి ముందూ నాకు పరీక్ష పెడతాట్ట. వెనక నిలబడి పిల్లలు స్వరం తీస్తే, అది ఏ స్వరమో నేను చెప్పాలి. చెప్పలేకపోతే ఇక బడికి రావద్దన్నాడు," అంది.

మా మరిది కట్టున్న మొహం అటు తిప్పాడు. "మీరెవరో నేనెరగనండీ," అన్నాడు.

"అయ్యో, నేనేనండీ! నా గుట్టు నేనే విప్పుతుంటే మీరు మళ్లీ ముడేస్తారేమిటి?"

అప్పటికి గానీ ఒప్పుకోలేదు. చెయ్యి మెడ దగ్గరికి పోయింది. తడుముకుంటూ నొక్కాడు. ఎర్ర లైటు. వెంటనే మానేశాడు. ఫోన్‌లో డాక్టరుగారికి చెప్పేయమన్నాను. "ఫోన్‌లో చెప్పడమూ చీటీ అంటించడమూ ఒకటే," అన్నాడు. మా తోడికోడలు, "నాకు చెప్పండి, నేను వెళ్తా," అని ముందుకొచ్చింది.

"నీకు చెబితే మీ అక్కచెల్లెళ్లకూ చెప్పినట్టే. వదినకు చెబుతా."

మా తోడికోడలు నోరు తెరిచింది. "అక్కకా? అక్కకు చెప్పేకంటే మైకులో చెప్పడం నయం! పక్కింటి పిల్లి ఈనితే మూడు వీధులకు చెప్పొచ్చిన మనిషి!"

ఆవిడ అన్న మాట నిజమే కాబట్టి నాకు ఒళ్లు మండింది. "నాకేం పని లేదా? నేను వెళ్లను పో," అన్నాను.

"వదిన ఊరందరి గుట్టూ చెబుతుంది," అన్నాడు మా మరిది నెమ్మదిగా. "తన గుట్టు మాత్రం ఒకటి ఇన్నేళ్లుగా కడుపులో దాచుకుంది. అంత గట్టి తాళం నా దగ్గర కూడా లేదు."

"నాకేం గుట్టయ్యా?"

"అది నేను చెప్పను," అన్నాడు.

నేను చెప్పులు వెతుక్కున్నాను. అందరినీ బయటికి పంపి, నా కుడిపక్కకు జరిగి, చెవిలో అంకెలు చెప్పాడు. తాడు నా మెడలో వేశాడు. పంతులమ్మా నేనూ బస్సెక్కాం. దారి పొడుగునా నేను నోరు విప్పలేదు, విప్పితే అంకెలు జారిపడతాయేమోనని.

క్లినిక్‌లో డాక్టరుగారు, "ఇటివ్వండమ్మా, నేను నొక్కుతాను," అన్నారు.

"మీరు గోడవైపు తిరగండి బాబూ," అన్నాను.

ఆయన తిరిగారు. పంతులమ్మనూ తిప్పాను. గోడ మీది క్యాలెండర్‌లో చంటిపిల్ల బొమ్మ నావైపే చూస్తుంటే దాన్నీ తిప్పేశాను. కొంగు నెత్తిన కప్పుకుని నొక్కాను. బొత్తాలు మరీ చిన్నవై ఒకటికి రెండు పడ్డాయి. ఎర్ర లైటు. చిటికెనవేలి గోరుతో ఒక్కొక్కటే మళ్లీ నొక్కాను. పచ్చ లైటు వెలిగింది. నా పెళ్లినాడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

మర్నాటి పరీక్షలో పంతులమ్మ పిల్లలు తీసిన స్వరాలన్నీ చెప్పడమే కాదు, వెనక వరసలో ఒక తంబురా తీగ కాస్త వదులైందని కూడా చెప్పిందట. ఆ యజమాని వీధిలో నన్ను పట్టుకుని, "నిన్న క్లినిక్‌కు ఎవరితోనో వెళ్లావట?" అన్నాడు.

"బస్సెక్కానయ్యా. పక్కన ఎవరు కూర్చున్నారో గుర్తులేదు," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి అంత తియ్యగా వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. పంతులమ్మ తర్వాత తనే జుట్టు పైకి ముడేసుకుని, ఆ యంత్రం అందరికీ కనపడేలా పాఠం చెప్పడం మొదలుపెట్టింది. అందుకే ఇదంతా చెబుతున్నాను. లేకపోతే నా చేత చెప్పించే మొనగాడు పుట్టలేదు.

పెన్‌డ్రైవ్ తిరిగి ఇచ్చేటప్పుడు మా మరిదిని నిలదీశాను. కావాలనే అతని కుడివైపున కూర్చున్నాను. కట్టుతో తడుముకుంటూ లేచి, చుట్టూ తిరిగొచ్చి, నా కుడిపక్కనే చతికిలబడ్డాడు.

"ఎప్పట్నుంచి తెలుసయ్యా?"

"నువ్వు కుక్కర్ కూతలు లెక్క తప్పినప్పట్నుంచి," అన్నాడు. "ఎడమపక్కనుంచి పిలిస్తే పలక్కుండా వెళ్లిపోతావు. వీధంతా నీకు పొగరనుకుంటోంది. నువ్వు చెవుడనిపించుకోవడం కంటే పొగరనిపించుకోవడమే ఇష్టపడతావని ఊరుకున్నా."

ఎవరితోనూ అనలేదు. పెళ్లాంతోనూ అనలేదు. అన్నేళ్లు నా కుడిపక్క చోటు కోసం పందిళ్లలో జనాన్ని లేపాడు, గొంతు చించుకున్నాడు, చాదస్తమని నేను తిడుతుంటే పడ్డాడు. నిజం చెప్పొద్దూ, నాకు కోపమొచ్చింది. ఇంత బాగా తాళం వేస్తే లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది? నా గుట్టు నాది కాబట్టి ఇవాళ నేనే విప్పుతున్నాను. అంకెలు మాత్రం అడక్కండి.

"పొగరన్నవాళ్ల పేర్లు చెప్పు, వాళ్ల సంగతి నేను చూస్తా," అన్నాను.

"ఎవరన్నారో గుర్తులేదు," అన్నాడు. తర్వాత పెన్‌డ్రైవ్ తాడు వేలికి చుట్టుకుంటూ, ఇల్లెగిరిపోయే గొంతుతో అడగాల్సింది అడిగాడు.

"కట్టు విప్పాక నాతో క్లినిక్‌కు రా వదినా. అద్దాలగదిలో కాసేపు కూర్చో, కూత వినపడినప్పుడల్లా బొత్తం నొక్కు. నీ చార్టు కూడా ఇందులో పెడతాను. తాళం నువ్వే వెయ్యి."