మక్కచేనులో పోలండ్ ఫిడేలు

మా చిన్నబాపు, అంటే మా నాన్న తమ్ముడు, పోయాడు. ఈ వార్త నాకు మొదట తెలియజేసిన ఘనత మా మామది. సిరిసిల్ల నుంచి బస్సులో కోరుట్ల వెళ్తూ ఫోన్ తీస్తే మామ వాట్సాప్ స్టేటస్ కనిపించింది. చిన్నబాపు ఫొటో, చుట్టూ గులాబీలు, ఓ మూల గిటారు బొమ్మ, కింద "సంగీత ప్రియుడు ఇక లేరు". వెనక ఏదో సినిమా ఏడుపు పాట. చిన్నబాపుకు గిటారంటే పడదు. సినిమా ఏడుపంటే అసలే పడదు. ఏడవాల్సిన నేను పళ్ళు కొరుకుతూ కూర్చున్నాను. పాఠకులు పెద్ద మనసు చేసుకోవాలి. ఈ నివాళిలో కన్నీళ్ళు లేక కాదు, కోపం ముందు సీటు పట్టేసుకుంది.

మామ అంటే మా మేనత్త భర్త. జగిత్యాలలో సౌండ్ సిస్టం దుకాణం. ఆయన బాక్సులు మోగితే పెళ్ళి ఒక వీధిలో, తలనొప్పి మూడు వీధుల్లో. సంగీతం గురించి ఆయనకు ఒకటే అభిప్రాయం ఉంది: ఛాతీ అదరాలి.

చిన్నబాపుది కోరుట్లలో మోటార్ల వైండింగ్ దుకాణం. అంతకుముందు కువైట్‌లో చేశాడు. అక్కడి క్యాంపులో పోలండ్ ఫోర్‌మన్ ఒకాయన, సైటుకు తీసుకెళ్ళే వ్యాన్‌లో తన దేశపు జాజ్, జానపదం కలిసిన పాటలు వేసేవాడట. అన్నింట్లోనూ ఫిడేలే పెద్దమనిషి. ఇద్దరిలో ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఆ ఫోర్‌మన్ స్వదేశం వెళ్ళేప్పుడు ఓ అట్టపెట్టె నిండా సీడీలు చిన్నబాపు చేతిలో పెట్టాడు. చిన్నబాపు కారం దట్టించిన తొక్కు పచ్చడి సీసా ఆయన చేతిలో పెట్టాడు. ఎవరి కానుక ఎవరిని ఎక్కువ ఏడిపించిందో చరిత్ర నమోదు చేయలేదు.

ఆ సీడీల మీది అక్షరాలు చిన్నబాపు చదవలేడు. వాయించినవాళ్ళెవరో, ఏ ఊరివాళ్ళో తెలుసుకోవాలని ఎప్పుడూ ప్రయత్నించలేదు. తనే పేర్లు పెట్టుకున్నాడు. ఒకటి 'పంటినొప్పి'. అందులో ఫిడేలు సన్నగా, పైపైకి, దవడ పట్టుకునేలా లాగుతుంది. ఇంకొకటి 'ఎడ్లబండి'. కింద పెద్ద ఫిడేలు ఒకే స్వరం మీద గీరుతూ కదలనంటుంది, పైన చిన్నది దాన్ని అదిలిస్తూ ఉంటుంది. అన్నిటికంటే ప్రియమైనది 'పెండ్లి లొల్లి'.

నేను ఇంటర్ చదువుతుండగా మొదటిసారి విన్నాను. దుకాణంలో రాగితీగ చుడుతూ కూర్చున్నాడు, మూల ప్లేయర్ మోగుతోంది.

"ఏంది చిన్నబాపూ గీ ఏడుపు?" అన్నాను.

"ఏడుస్తలేదురా, కొట్లాడుతున్నది. మన సినిమాల ఫిడేలు ఎవరన్న సచ్చినంకనే అస్తది. గిది బతికున్నోళ్ళతోని పంచాయితి వెట్టుకుంటది. ఇను."

నేను నవ్వాను. ఆయన తీగ పక్కన పెట్టాడు.

"నచ్చకుంటే లేషి పో. నవ్వకు."

ఇదే ఆయన సంగీత శాస్త్రం మొత్తం. లేచి పోలేదు కాబట్టి విన్నాను. 'పెండ్లి లొల్లి' ఒంటరి ఫిడేలుతో మొదలవుతుంది. ఏదో కొండ పల్లెలో నాట్యం వరస, మూడు అడుగులది. మనవాళ్ళయితే మొదటి అడుగు మీద గట్టిగా తొక్కుతారు. వాళ్ళు ఒకసారి రెండో దాని మీద, ఒకసారి మూడో దాని మీద బరువు వేస్తారు. తాగినవాడు పడతాడనుకున్న ప్రతిసారీ నిలబడ్డట్టుంటుంది. ఇంతలో డ్రమ్ములవాడు దొంగలా వచ్చి చేరతాడు. ఫిడేలు తాడు తెంపుకుంటుంది, వరసను చీరి పోగులు పెడుతుంది, ఇక ఇంటికి రాదనుకున్నప్పుడు అదే నాట్యం వరసలోకి కుంటుతూ తిరిగొస్తుంది. చివర ఆడవాళ్ళు గొంతులు పూర్తిగా విప్పి, చేనుకు అవతలివాళ్ళను పిలిచినట్టు పాడతారు. మాట ఒక్కటీ అర్థం కాదు. అర్థం కానిదీ లేదు.

చిన్నమ్మ పుట్టిల్లు సిరిసిల్ల. వాళ్ళకు మరమగ్గాల షెడ్డు ఉంది, అక్కడ సాంచాలంటారు. అత్తగారింటికి వెళ్తే అల్లుళ్ళు మటన్ కోసం చూస్తారు. ఈయన ప్లేయర్ సంకన పెట్టుకుని నేరుగా షెడ్డులోకి నడిచేవాడు. సాంచాల మోత మీద 'ఎడ్లబండి' వేసి, కళ్ళు మూసుకుని, "సూడుర, డోలు మనది, ఫిడేలు ఆళ్ళది" అనేవాడు. నాకు సాంచాలు తప్ప ఏమీ వినిపించేది కాదు. ఆయన ముఖం చూస్తే మాత్రం వినిపిస్తోందని తెలిసేది.

మామ ఈ పాటలను వెక్కిరించని పండుగ లేదు. "ఏం బామ్మర్దీ, పిల్లి తోక తలుపుల వడ్డదా?" అనేవాడు. అందరూ నవ్వేవారు. చిన్నబాపు పాట ఆపేసి ప్లేయర్‌కు గుడ్డ కప్పేవాడు. ఇన్నేళ్ళలో మామ ఒక్క పాట కూడా చివరి దాకా విన్నది లేదు.

ఈ వానాకాలం చిన్నబాపు జబ్బుపడి కరీంనగర్ దవాఖానాలో చేరినప్పుడు, చిన్నమ్మ ఆయన దగ్గరే ఉంది. కోరుట్ల ఇంట్లో ఎవరూ లేరు. మేడిపల్లిలో మా తాతల భూమి ఉంది, అందులో మేనత్త వాటాలో మామ మక్కజొన్న వేశాడు. కంకులకు పాలు పట్టగానే రామచిలుకలు దిగాయి. చేలో పాత సీడీలు దారాలకు వేలాడదీస్తే, ఎండకు తళుక్కుమని పిట్టలు బెదురుతాయి. ఈ పద్ధతి మా వైపు ప్రతి రైతుకూ తెలుసు. మామకు పాత సీడీలు ఎక్కడ దొరికాయో ఇప్పటికే మీకు అర్థమై ఉంటుంది.

దవాఖానా నుంచి ఇంటికి వచ్చిన చిన్నబాపు, సీడీలు పెట్టుకునే అర ఖాళీగా ఉండటం చూశాడు. మామకు ఫోన్ చేస్తే, "గవి మంచిగ పనిజేస్తున్నయ్ బామ్మర్దీ! నీ పాటలకు మనుషులే ఉరుకుతరు, పిట్టలెంత?" అని నవ్వాడట. వెళ్ళి తెచ్చేస్తానని నేను బండి తాళం తీసుకున్నాను. చిన్నబాపు మంచంలోంచే నా చెయ్యి పట్టుకున్నాడు.

"దొంగలెక్క నువ్వు తెంపుకరాకు. ఏలాడదీసినోడే తెంపాలె. ఒక్క పాట, మొత్తం, నవ్వకుంట ఇనాలె. గంతే. నాతోని కాకుంటె నువ్వు జేపియ్యి."

"చేపిస్త" అన్నాను. వేరే ఆస్తులు ఎవరికి రాశాడో తెలియదు, ఈ పగ మాత్రం నా వాటాకు వచ్చింది.

పది రోజులు తిరక్కుండానే పోయాడు. ఆయనను ఆ మేడిపల్లి భూమిలోనే, మక్కచేను గట్టు పక్కన దహనం చేశాం. మూడో రోజు పిట్టకు పెట్టడానికి బంధువులంతా అక్కడికే వెళ్ళాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. అంతవరకు ఎవరూ తినరు. ముట్టకపోతే పోయినాయనకు ఏదో కోరిక మిగిలిందని లెక్క. మామ భజన పాటల కోసం వ్యాన్‌లో బాక్సులు కూడా తెచ్చాడు.

కాకులు వచ్చాయి. చేను మీద తళతళలు చూసి, గాల్లోనే మలుపు తీసుకుని వెళ్ళిపోయాయి. నేను బీఎస్సీ చదివినవాణ్ణి. కాంతి అద్దం మీద పడితే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసి, చేతులు కట్టుకుని, అతి భక్తిగా నిలబడ్డాను.

ఎవరో కల్లు పెట్టమన్నారు, పెట్టారు. బీడీ పెట్టమన్నారు, పెట్టారు. ఎండ నెత్తికెక్కింది. చిన్నమ్మ విస్తరి వైపే చూస్తూ, కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమెను చూశాక నాకు సరదా పోయింది. ఇక ఆలస్యం చేయకూడదనుకున్నాను.

"మామా, మా చిన్నబాపుకు నీతోని ఏమన్న పేచీ ఉండెనా?" అని అందరికీ వినపడేలా, ఎంతో వినయంగా అడిగాను.

అన్ని తలలూ మామ వైపు తిరిగాయి.

"నాతోనా? నాతోని ఏం పేచీ?" అన్నాడు మామ.

మేనత్త నడుం మీద చెయ్యి పెట్టింది. "ఏం జేసినవ్ మా తమ్మునికి?"

జవాబు చిన్నమ్మ ఇచ్చింది. ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. "ఆయన దవాఖాన్ల ఉంటె ఇంట్ల జొర్రి ఆయన పాటలు తెచ్చి గీడ ఉరి వెట్టిండు. గా ఖాళీ అర ముంగట కూసోని ఆయన బువ్వ ముట్టలే. ఇయ్యాల ఆయన పిట్టెట్ల ముడుతది?"

ఎవరూ నవ్వలేదు. "నువ్వే తెంపుకరా అన్నా," అంది చిన్నమ్మ. "నీ చేతులతోనే."

పెద్ద బాక్సుల యజమాని, తెల్ల చొక్కా తెల్ల లుంగీ, మక్కాకులు ముఖాన్ని గీస్తుంటే సాలు సాలుకూ తిరిగి ఒక్కో దారమూ తెంపాడు. ఒక్కో సీడీని చొక్కాకు తుడిచాడు. వ్యాన్‌లో పాత డీవీడీ ప్లేయర్ ఉంది. 'పంటినొప్పి' వానకు పొలుసులు లేచి ఆడలేదు. 'ఎడ్లబండి' మొదట్లోనే మొరాయించింది. 'పెండ్లి లొల్లి' పలికింది.

నిమజ్జనాలకు పనికొచ్చే ఆ బాక్సుల్లోంచి ఒంటరి ఫిడేలు మేడిపల్లి పొలాల మీదికి లేచింది. అది తాడు తెంపుకునే చోటికి రాకముందే కాకి దిగింది. విస్తరి చుట్టూ ఓ అడుగు వేసింది, మటన్ ముక్కను ముక్కుతో పట్టింది. "ముట్టింది, ముట్టింది" అని చేతులన్నీ జోడయ్యాయి. చిన్నమ్మ అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, అప్పటి దాకా వెనక సీట్లో కూర్చున్నదంతా.

మామ ప్లేయర్ వైపు చెయ్యి చాచాడు.

"ఉండనియ్యి. మొత్తం కానియ్యి," అంది చిన్నమ్మ.

మామ గట్టు మీద కూర్చున్నాడు. డ్రమ్ములు వచ్చాయి, వరస చిరిగింది, కుంటుతూ తిరిగొచ్చింది, ఆడవాళ్ళు గొంతులు విప్పారు. మామ నవ్వలేదు. చెంప మీద ఆకు గీసిన చోట ఎర్రగా ఉంది. చివరి స్వరం అయిపోయాక, "ఐపోయిందా?" అని మెల్లగా అడిగాడు. చిన్నబాపూ, ఆ గొంతులో వెక్కిరింత లేదు. నేను వెతికి చూశాను.

నిన్న మేడిపల్లి మీదుగా వెళ్తూ బండి ఆపాను. చేను నిండా రామచిలుకలు. తొందర ఏమీ లేదు వాటికి, పొట్టు ఒలిచి, గింజ గింజా ఏరుకుంటున్నాయి. గట్టు మీద మామ కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. అదిలిద్దామని కర్ర ఎత్తాడు. దగ్గరి కంకి మీద ఓ ముసలి చిలుక మెడ వంచి ఆయన వైపు చూసింది. ఏ పిట్టలో ఎవరున్నారోనని కాబోలు, మామ కర్ర దించి, చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించాడు.