ఆమెన్‌కు ఆమడ దూరం

విక్టర్ తాత ప్రార్థన మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. పుంగనూరులో ఏ పిల్లవాడిని అడిగినా ఈ మాటే చెబుతాడు. తాత మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి అంబులెన్సు నడిపి రిటైరయిన మనిషి. అంబులెన్సును ఎంత వేగంగా నడిపేవాడో ప్రార్థనను అంత నిదానంగా నడుపుతాడు. టీ తాగాలన్నా ప్రార్థనే, గొడుగు తెరవాలన్నా ప్రార్థనే. ఆయన గొడుగు తెరిచేలోపు వాన వెలిసి ఎండ కూడా కాసేది.

ఒక ఈస్టర్ పండక్కి కోడిపుంజును తెచ్చారు. పాపం, పోయే ముందు దానికోసం రెండు మాటలు చెబుతానన్నాడు తాత. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి పుంజు లేదు. అది నడుచుకుంటూ సోమల చేరిందని, ఎవరో వెతుక్కుంటూ వెళ్ళేసరికి అక్కడ దానికో సంసారం కూడా ఏర్పడిందని చెప్పుకుంటారు. ఆ పండక్కి అందరూ వంకాయ కూర తిన్నారు.

మదనపల్లెలో ఒక పెళ్ళికి వెళ్ళి వధూవరులను ఆశీర్వదించమంటే, పెళ్ళికొడుకు ముత్తాత దగ్గర మొదలుపెట్టాడు. ఇంకా పుట్టని పిల్లల దాకా వచ్చి, వాళ్ళను బళ్ళో చేర్పించి, ఇంజనీరింగు పాస్ చేయించి, వాళ్ళకు పెళ్ళిళ్ళు కూడా చేసిగానీ ఆమెన్ అనలేదు. బిర్యానీ చల్లారిపోయింది. కొత్త దంపతులు మాత్రం అప్పటికే పాత దంపతుల్లా ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోతున్నారు.

తాత ఇంటికి ఎదురుగానే ఆలివ్ కొమ్మ బాలల గృహం. ఊళ్ళో వాళ్ళు దాన్ని ఆలివమ్మ హాస్టల్ అంటారు. అమ్మానాన్నలు లేని పిల్లలు, ఉన్నా కూలిపనికి బెంగళూరు వెళ్ళినవాళ్ళ పిల్లలు అందులో ఉంటారు. తాతకు అక్కడ ఉద్యోగం లేదు, జీతం లేదు, పిలిచినవాళ్ళూ లేరు. అయినా రోజూ సాయంత్రం ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని వస్తాడు. భోజనాల గదిలో గేటుకు ఎదురుగా ఉన్న కుర్చీలోనే కూర్చుంటాడు. పిల్లల అన్నం మీద ప్రార్థన చేస్తాడు. అన్నం మీద ఆవిరి పైకి లేచి, అలిసిపోయి, మళ్ళీ అన్నంలోనే పడుకునేదాకా చేస్తాడు.

వార్డెన్ ఫ్లారెన్సమ్మకు ఇది ప్రాణసంకటం. ఆమెది గడియారం ముల్లు మీద నడిచే బతుకు. ఆమె పెట్టిన రూలు ఒకటుంది. ఆమెన్ అనేలోపల వచ్చి కూర్చుంటే లేటు కానట్టు. ఆమెన్ తర్వాత వస్తే వంటింట్లో ఒంటరిగా, అందరి తర్వాత తినాలి. ఆ శిక్ష ఇంతవరకూ ఒక్క పిల్లకూ పడలేదు. అదంతా తన క్రమశిక్షణ మహిమేనని ఫ్లారెన్సమ్మ నమ్మకం.

జీతం లేకుండా అక్కడ పనిచేసే రెండో మనిషి ఇంగ్రిడ్. నార్వే నుంచి సేవ చేయడానికి వచ్చిన పొడుగాటి పిల్ల. పాఠాలు చెబుతుంది, పేలు చూస్తుంది, పాటలు నేర్పుతుంది. ఆమెకు తెలుగు నేర్పింది పిల్లలే కాబట్టి అది అచ్చంగా పుంగనూరు తెలుగు. టమాటా మండీ సుబ్రమణ్యం శెట్టి కష్టపడి కూడబలుక్కుని ఇంగ్లీషులో ధర చెబితే, ఆమె నడుము మీద చెయ్యి వేసుకుని, "ఏందప్పా, అంత యాల? పక్క మండీలో తక్కువే ఉండాది గదా!" అంది. శెట్టి చేతిలో తక్కెడ జారిపోయింది.

ఆ డిసెంబరులో హాస్టలంతా ఒకటే హడావుడి. కుప్పంలో బాలల గృహాలన్నిటికీ క్రిస్మస్ పాటల పోటీ! పోయినేడు కూడా వెళ్ళారు. అయితే తాత బండి ముందర ఒకసారి, దారిలో ఒకసారి, కుప్పం పొలిమేరలో ఒకసారి ప్రార్థన చేయడంతో, వీళ్ళు చేరేసరికి షామియానా మడతపెడుతున్నారు. పిల్లలు పాడకుండానే ఏడుస్తూ తిరిగొచ్చారు. ఈసారి అలా జరిగితే వార్డెన్ పనే మానుకుంటానని ఫ్లారెన్సమ్మ ఒట్టు పెట్టుకుంది.

పాటకు ప్రాణమంతా సిద్దమ్మ. కురబలకోట గొర్రెల కాపరుల పిల్ల. గొంతెత్తిందంటే ఈ గుట్ట మీది పిలుపు ఆ గుట్ట మీది మందకు వినబడుతుంది. మొదటి చరణం ఆ పిల్ల ఒక్కతే ఎత్తుకోవాలని ఇంగ్రిడ్ ఏర్పాటు. సిద్దమ్మతో ఒకటే చిక్కు. దారిలో కనబడిన ప్రతి మేకనూ పేరుపేరునా పలకరించందే కదలదు. రోజూ బడినుంచి అందరికన్నా ఆఖరున హాస్టలు చేరేది ఆ పిల్లే.

బయల్దేరే రోజు పొద్దున్నే ఫ్లారెన్సమ్మ తాతను గేటు దగ్గరే పట్టుకుంది.

"పెద్దయ్యా, మీ కాళ్ళకు మొక్కుతా. ఈ పొద్దు ప్రార్థన వొద్దు."

"వొద్దా? బండి చక్రం తిరగాల గదమ్మా!"

"డీజిలు పోసినాము, తిరుగుతాది."

"ఒక్క మాట?"

"ఒక్కటే! రెండోది వినబడితే మిమ్మల్ని ఆడనే దించేస్తా."

తాత మూతి బిగించుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. పలమనేరు దాకా పిల్లలు పాడుతూనే ఉన్నారు. గంగవరంలో అన్నపూర్ణమ్మ టీకొట్టు దగ్గర బండి ఆగింది. అందరూ దిగి టీ తాగారు. మళ్ళీ ఎక్కే ముందు అలవాటు ప్రకారం బండి చుట్టూ చేరి కళ్ళు మూసుకున్నారు. డ్రైవరు శాంతికుమార్ ఇంజన్ ఆపి, సీటు వెనక్కి వాల్చుకున్నాడు.

"ప్రభువా, తోడుండు. ఆమెన్," అన్నాడు తాత.

ఎవరూ కళ్ళు తెరవలేదు. అయిపోయిందని ఎవరికీ తెలియలేదు మరి.

"తాతా, ఒళ్ళు బాగలేదా?" అంది ఒక పిల్ల భయంగా.

"ఎక్కండి, ఎక్కండి!" ఫ్లారెన్సమ్మ ఆనందానికి హద్దు లేదు. తాత టీకొట్టు వెనక్కి, పక్కకీ చూస్తూ, "అందురూ ఎక్కినారా అమ్మా? ఇంకొక్క మాట..." అనబోయాడు. "అందురూ ఎక్కినారు, మీరే మిగిలినారు!" అని ఆమె ఆయన్ను లోపలికి నెట్టి తలుపు వేసింది.

కుప్పం చేరారు, అదీ టైముకు! ఫ్లారెన్సమ్మ బండి దిగి గడియారాన్ని ముద్దు పెట్టుకుంది. అంతలో ఫోను మోగింది.

"అమ్మా, నేను గంగవరం టీకొట్టు అన్నపూర్ణమ్మను. మీ పిల్లొకటి నా కొట్టు వెనకాల మేకపిల్లకు ముద్దులు పెడతాండాది. బ్యాడ్జీ మీద నెంబరు సూసి చేస్తాండా."

ఫ్లారెన్సమ్మ గబగబా పిల్లల తలలు లెక్కపెట్టింది. సిద్దమ్మ లేదు. ముందు సీట్లో ఉందని ఆమె, వెనక సీట్లో ఉందని ఇంగ్రిడ్ అనుకున్నారు.

"సిద్దమ్మా! యాల ఆడనే నిలిచిపోతివే?"

"తాత ప్రార్థన చేస్తాండాడు గదక్కా," ఫోనులో సిద్దమ్మ గొంతు ఖంగుమంది. "అది అయ్యేలోపల మేకను సూసి రావొచ్చులే అనుకుంటి. తాత మోసం చేసినాడు!"

"ఏం బయపడొద్దమ్మా," అంది అన్నపూర్ణమ్మ ఫోను లాక్కుని. "మా బాలాజీ టమాటా బండి కుప్పానికే వస్తాండాది. పిల్లను ఎక్కించేస్తా."

ఇక్కడ మైకులో పేరు పిలిచేశారు. పోటీ కార్యదర్శి భీమరావు సారు మహా ఖండితమైన మనిషి. పిలిచాక పాట మొదలవకపోతే పేరు కొట్టేస్తాడు. పిల్లలు బిక్కముఖాలతో వేదిక ఎక్కారు. ఇంగ్రిడ్ ఫ్లారెన్సమ్మ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఇప్పుడు ఏం చేసేది?"

ఫ్లారెన్సమ్మ విక్టర్ తాత వైపు తిరిగింది.

"పెద్దయ్యా, ప్రార్థన చెయ్యండి."

"ఎంత?"

"మీకు వచ్చినంత."

తాత ముఖం ఎలా వెలిగిందో ఏం చెప్పమంటారు! చొక్కా సర్దుకుని, వేదిక ఎక్కి, మైకును రెండు చేతులా పట్టుకున్నాడు. పాటను ఆపొచ్చు, ఉపన్యాసాన్ని ఆపొచ్చు. ప్రార్థనను మధ్యలో ఆపమనే మొనగాడు అంత సభలో ఎవరుంటారు? భీమరావు సారుతో సహా అందరూ తలలు వంచారు.

"దయగల తండ్రీ! ఈ కుప్పాన్ని, ఈ కుప్పంలో ఆగే రైళ్ళను, ఆగకుండా పోయే రైళ్ళను కూడా దీవించు. ఈ పొద్దు గంగవరం నుంచి వచ్చే బండ్లను కాపాడు. మరీ ముఖ్యంగా టమాటా బండ్లను. డ్రైవరు బాలాజీకి కునుకు రానియ్యొద్దు. వాని టైర్లలో గాలి నీదే గదా తండ్రీ, దాన్ని ఆడనే ఉంచు..."

భీమరావు సారు పెద్దగా దగ్గాడు.

"ప్రభువా, ఈడ ఎవురో బిడ్డ దగ్గుతాండాడు. ఆ గొంతును ముట్టు. ఇంటికి పోయి శొంఠి కషాయం తాగే బుద్ధి ఇయ్యి..."

సారు మళ్ళీ దగ్గలేదు.

"అక్కా, బండి యాడుండాది?" ఇంగ్రిడ్ గుసగుసలాడింది.

"తండ్రీ, వి.కోట సంత దగ్గర ట్రాఫిక్కును పాయలుగా చీల్చు," అన్నాడు తాత మైకులో.

"విను, ఆయనే చెప్తాండాడు," అంది ఫ్లారెన్సమ్మ.

తాత వి.కోట దాటాడు. దారిలో ఉన్న స్పీడు బ్రేకర్లను ఒక్కొక్కటిగా దీవించాడు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన గురక మొదలుపెట్టాడు. ఆత్రం పట్టలేక ఫ్లారెన్సమ్మ చిన్నప్పటినుంచి చేయని పాపం చేసింది. ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచింది.

సభంతా వంచిన తలలే. తాత తల మాత్రం నిటారుగా ఉంది. ఒక కన్ను భక్తిగా మూసి ఉంది. రెండోది బార్లా తెరుచుకుని గేటు మీద ఉంది!

ఆ కన్నును చూడగానే ఆమెకు హాస్టల్లో గేటుకు ఎదురుగా ఉన్న కుర్చీ గుర్తొచ్చింది. సిద్దమ్మ కాలు గుమ్మంలో పడ్డాకనే రోజూ వినబడే ఆమెన్ గుర్తొచ్చింది. సెలవు రోజుల్లో పిల్లలంతా ముందే కూర్చుంటే తాత ప్రార్థన చిటికెలో అయిపోయేది. ఎప్పుడూ పట్టించుకోలేదే! వంటింట్లో ఒంటరిగా తినే పిల్ల ఇంతవరకూ లేకపోవడం తన క్రమశిక్షణ మహిమ కానే కాదు.

"...ఆ రైల్వే గేటు పడి ఉంటే, తండ్రీ, దాన్ని లేపు..."

బయట టమాటా బండి కీచుమంటూ ఆగింది. జుట్టులో గడ్డిపరకలతో, చేతిలో ఒక టమాటాతో సిద్దమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి వేదిక మీదికి దూకింది.

"ఆమెన్!" అన్నాడు తాత.

మరుక్షణం సిద్దమ్మ గొంతెత్తింది. గురకపెడుతున్న న్యాయనిర్ణేత కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కర్ణాటకలో మేస్తున్న గొర్రెలు కూడా తలెత్తి చూశాయని తాత ఇప్పటికీ చెబుతాడు. మొదటి బహుమతి వేరే ఊరికి పోయింది. రెండోది, కొత్త డోలక్కు, వీళ్ళకొచ్చింది. పుంగనూరు దాకా దాన్ని వాయిస్తూనే ఉన్నారు.

దారిలో ఫ్లారెన్సమ్మ మెల్లగా అడిగింది. "పెద్దయ్యా, ప్రార్థనలో కన్ను తెరవొచ్చునా?"

"ఒకటి తెరిస్తే తప్పులేదమ్మా," అన్నాడు తాత బొంగురు గొంతుతో. "రెండోది మూసే ఉండాది గదా."

మరునాటికి తాత గొంతు దాదాపుగా పోయింది. సాయంత్రం భోజనాల దగ్గర ప్రార్థన ఫ్లారెన్సమ్మ మీద పడింది. ఆమె ప్రార్థన ఎప్పుడూ ఒక్క వాక్యమే. పిల్లలు హాయిగా ముద్ద కలపడానికి సిద్ధమయ్యారు.

"అన్నం పెట్టిన తండ్రీ, స్తోత్రం..." అంటూ ఆమె ఒక కన్ను తెరిచింది. సిద్దమ్మ కంచం ముందు ఎవరూ లేరు. దూరంగా, గేటు అవతల, ఒక మేకతో ఏదో గట్టి చర్చ జరుగుతోంది.

"...ఈ బియ్యం పండించిన వాళ్ళను దీవించు. మోసిన వాళ్ళను దీవించు. మదనపల్లె టమాటాలను, కురబలకోట గొర్రెలను, గంగవరం టీకొట్టును..."

"ఏందక్కా, నీకు గూడా అంటుకునిందా?" అంది ఇంగ్రిడ్. ఫ్లారెన్సమ్మ మోచేత్తో పొడిచింది. తర్వాత ఏ ఊరు చెప్పాలో తోచక ఆగిపోయింది.

గేటుకు ఎదురుగా ఉన్న కుర్చీలోంచి, పూడుకుపోయిన గొంతుతో తాత అందించాడు.

"అమ్మా, సోమల."

"...సోమలను దీవించు తండ్రీ. అక్కడ ఉండే ఆ కోడిపుంజును, దాని సంసారాన్ని, పిల్లాపాపలను సల్లగా సూడు..."

గేటు కిర్రుమంది.

"ఆమెన్!"